అయిదో టేకు

8 ఫిబ్రవరి 1993, సోమవారం

ఎందుకు రాయాలో మొదటే రాసుకుంటాను. ఇవాళ మధ్యాహ్నం మా ల్యాబు ఓనరు సార్ అడిగినదానికి "ఆలోచించి చెప్తానండీ" అన్నాను. ఆలోచించడానికేమీ లేదు. "పెట్టనండీ" అనాలి. ఆ ఒక్క మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. నోటితో రానిది చేత్తోనైనా రాసి రోజూ చూసుకుంటే ఎప్పటికో అప్పటికి నోటికీ వస్తుంది. అందుకే ఈ డైరీ.

ఆయన అడిగింది నా సంతకం. ఒక పవర్ ప్లాంటు చిమ్నీ పొగలో బూడిద, ప్రభుత్వం కొత్తగా గీసిన హద్దు లోపలే ఉందని చెప్పే రిపోర్టు కింద. లోపల లేదు. నాకు తెలుసు. కొలిచింది నేను.

పెట్టను. పెట్టను. పెట్టను.

9 ఫిబ్రవరి

నిన్నటిది చదివాను. మూడుసార్లు రాయడం కొంచెం ఎక్కువైంది. ఉండనీ.

10 ఫిబ్రవరి

ఆఫీసు వెనక బండ మీద కూర్చుని. టిఫిన్ డబ్బా ఇంకా తెరవలేదు.

పోయిన వారం సంగతి వరసగా పెట్టుకోవాలి. సార్ మాటలు వినీ వినీ నా కళ్ళ మీద నాకే అనుమానం వచ్చేలా ఉంది.

మేము వెళ్లేసరికి ప్లాంటు గేటు ముందు టీ కొట్టామె బల్లని తడిగుడ్డతో తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది. "మాకు ముగ్గుపిండి ఖర్చు లేదమ్మా," అంది నన్ను చూసి. "పొద్దుగాల లేచి వాకిలూడ్చుడే ఆలస్యం, గా చిమ్నీయే పోస్తది." నవ్వింది. పక్కన మంచం మీద వడియాలు. వాటి మీద పాత చీర, ఆ చీర మీద ఇంకో చీర.

లోపల సేఫ్టీ ఆఫీసరు నన్ను నిచ్చెన దగ్గరే ఆపాడు.

"మేడమ్, లేడీస్‌ని పైకి పంపమండీ."

"ఎక్కడ రాసుందండీ?"

"రాసుండక్కర్లేదు. ఇంతవరకూ ఎవరూ ఎక్కలేదు."

"ఎక్కలేదు అనేది రూలు కాదు కదండీ. రూలు చూపించండి, దిగిపోతాను."

"ఇంకా ఎక్కందే దిగడమేంటండీ!"

శేఖర్ పంపు మోస్తూ వెనక నిలబడ్డాడు. నాతోపాటు కొలతలకి వచ్చేది అతనొక్కడే. "ఎక్కనియ్యుండ్రి సార్," అన్నాడు. "లేకుంటె గీమె చిమ్నీనే కిందికి దింపుమంటది. గప్పుడు మీకే తక్లీఫ్."

ఎక్కాను. చున్నీ నడుముకి బిగించి, శేఖర్ బూట్లలో పాత గుడ్డలు కుక్కి వేసుకుని. పైన చిమ్నీ చుట్టూ ఇనప జాలీ అరుగు. జాలీలోంచి కిందికి చూస్తే లారీలు అగ్గిపెట్టెల్లా... చూడటం మానేశాను.

చిమ్నీ గోడకి మూతలున్న కన్నాలుంటాయి. మూత తీసి పొడుగాటి గొట్టం లోపలికి పెట్టాలి. గొట్టం చివర వేలి తొడుగులాంటి వడపోత. పెట్టేటప్పుడు మల్లెపువ్వులా ఉంటుంది. పంపు లోపలి పొగని లాగుతుంది, బూడిద తొడుగులో మిగులుతుంది. తీసుకొచ్చి త్రాసు మీద పెట్టి తూస్తాను. త్రాసుకి ఎవరి ఉద్యోగమూ తెలియదు.

నాలుగు రోజులు కొలిచాం. నాలుగు రోజులూ హద్దు దాటింది. కొంచెం కాదు. అయిదో రోజు వెళ్తే కరెంటు పుట్టించే యూనిట్ సగమే నడుస్తోంది, ఏదో మరమ్మతు. పైగా అంతకుముందు రోజే ఎక్కడినుంచో మంచి బొగ్గు వచ్చిందట. ఆ రోజు తొడుగులో బూడిద హద్దు లోపల ఉంది. లెక్క నేనే చేశాను, రెండుసార్లు సరిచూశాను. అదీ నిజమే.

సార్ నా కాగితాలు తిరగేసి అయిదోదాని మీద వేలు పెట్టారు. "ఇది ఓకే. మిగతా నాలుగూ ఎన్జీ."

ఈ ల్యాబు పెట్టక ముందు సత్యమూర్తి గారు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. ఆ భాష వదల్లేదు. ఎన్జీ అంటే పనికిరాని టేకు. బాగా వచ్చిన టేకు ఉంచుకుంటారు, చెడిపోయినవి పక్కన పారేస్తారు. మామూలుగా మాకు అది నవ్వులాట. టీ పలచగా ఉన్నా "ఎన్జీ, వన్ మోర్" అంటాం.

ఆయన మాత్రం నవ్వులాటకి అనలేదు.

12 ఫిబ్రవరి, శుక్రవారం

ఇవాళ నేను ఒక టేకు చెడగొట్టాను. నిజంగానే.

మా ల్యాబున్న ఈ బంగళాలో కింది వాటా మాది, పై వాటా, తోట షూటింగులకి. తోటలో కలల పాటట. కుంపటి మీద సాంబ్రాణి పోసి అట్టతో విసిరే మనిషి ఒకడు చెట్ల వెనక. నేను లోపల ఒక సిమెంటు ఫ్యాక్టరీ తొడుగులు తూస్తున్నాను. కిటికీలు మూసే ఉన్నాయి. అయినా తలుపు కింద నుంచి పొగ పాకుతూ వచ్చింది. త్రాసు ముల్లు నిలవదు. ఎంతసేపని ఊరుకోను? బయటికి నడిచాను. ఎటు నడిచానో చూసుకోలేదు.

"కట్! కట్! ఎవరయ్యా ఆ అమ్మాయి? హీరోయిన్ వెనక ఆ తెల్ల కోటేంటి?"

"కింద ల్యాబులో పని చేస్తానండీ. మీ పొగ నా త్రాసు మీద పడుతోంది."

"నీ త్రాసు మీద పడుతోందా? హీరోయిన్ మీద పడట్లేదని పొద్దున్నించీ మేం ఏడుస్తున్నాం తల్లీ!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కుంపటి గోడ అవతలికి మార్చేదాకా అక్కడే నిలబడ్డాను. మార్చారు. హీరోయిన్ నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుని కన్ను కొట్టింది.

సార్ వరండాలోంచి చూశారు. "నా రోజుల్లో అయితే నిన్ను అసిస్టెంట్ డైరెక్టరుగా పెట్టించేవాణ్ణి అమ్మాయ్! అరవడం బాగా వచ్చు."

అరవడం వచ్చు. కావలసిన చోట రావట్లేదు.

15 ఫిబ్రవరి, సోమవారం

ప్లాంటు నుంచి ఇంజనీరు రాఘవయ్య గారు జీపులో వచ్చారు. ఆ యూనిట్ ఆయన చేతిలోదే. సార్ కాఫీ తెప్పించి, "మా అమ్మాయి కొంచెం చాదస్తం, మీరే చెప్పండి" అని నా ముందు కూర్చోబెట్టారు.

కసురుతాడనుకున్నాను. కసరలేదు. కాగితం తీసుకుని పెట్టె బొమ్మ గీశాడు. పొగ చిమ్నీకి వెళ్లేముందు ఆ పెట్టె గుండా వెళ్లాలి. లోపల ఇనప పలకలు వేలాడుతుంటాయి. బూడిదకి కరెంటు పట్టించి పలకలకి అంటిస్తారు, సుత్తులతో కొట్టి కిందికి రాలుస్తారు.

"ఇది కట్టినప్పుడు మాకిస్తామన్న బొగ్గు వేరమ్మా. ఇప్పుడొచ్చేది బొగ్గో రాళ్ళో వ్యాగన్ దించితేగానీ తెలీదు. పైగా మన బొగ్గులో గంధకం తక్కువ."

"తక్కువుంటే మంచిదే కదండీ?"

"గాలికి మంచిది. నా పెట్టెకి కాదు. ఆ బూడిద కరెంటుకి లొంగదు. పలకకి సరిగా అంటదు, అంటితే ఊడదు. పెట్టెకి ఇంకా గదులు కలపాలి. ఎక్కడ కలపను? బాయిలరుకీ చిమ్నీకీ మధ్య లారీ తిప్పుకునే చోటు లేదు. కలిపినా యూనిట్ నెలల తరబడి ఆపాలి. వచ్చేది ఎండాకాలం. రైతుల మోటార్లు, పిల్లల పరీక్షలు... మీ ఇంట్లో కరెంటు పోతే ఊరుకుంటావా?"

"మా రహమత్ నగర్‌లో రోజూ పోతుందండీ. ఊరుకుంటూనే ఉన్నాం."

సార్ దగ్గారు.

అడిగాను — గదులు కలపడానికి డబ్బిమ్మని హెడ్డాఫీసుని అడిగారా అని. ఏటా అడుగుతున్నానన్నాడు. "మరి పొగ హద్దు లోపలే ఉందని నేను సంతకం పెడితే, వచ్చే ఏడు ఏ మొహం పెట్టుకుని అడుగుతారండీ?"

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "అది నా తలనొప్పి. నీది కాదు," అని లేచాడు. కాఫీ అలాగే ఉంది.

చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషి అయితే నాకు సులువుగా ఉండేది.

16 ఫిబ్రవరి

అన్నాను!

పొద్దున్నే సార్ గదిలో. ఆయన ముందు టైపు చేసిన రిపోర్టు. ఒక్క కొలత. అయిదోది. కింద నా పేరు, దాని పైన ఖాళీ.

"ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు. అయిదోది నువ్వు కొలిచిందే కదా? ఏ సినిమాలోనైనా చెడిపోయిన టేకులు కూడా కలిపి రిలీజ్ చేస్తారా?"

"ఆ రోజు యూనిట్ సగమే నడిచిందని కింద రాయనిస్తారా?"

"అవన్నీ ఎందుకమ్మాయ్, చదివేవాడికి గందరగోళం."

"సినిమాలో పారేసిన టేకు డబ్బాలో పడుంటుందండీ. ఈ నాలుగూ ఆ గేటు ముందు టీ కొట్టామె వడియాల మీద పడున్నాయి. నేను పెట్టనండీ."

 ఒక్క గుక్కలో అనేశాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వెళ్లి పని చూసుకో."

17 ఫిబ్రవరి

ఆకలి బాగా వేస్తోంది. రెండు రోజుల నుంచి వెయ్యనిదంతా.

18 ఫిబ్రవరి

అమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

అమ్మ ఫిల్మ్‌నగర్‌లో షూటింగు భోజనాల దగ్గర గిన్నెలు తోముతుంది. సాయంత్రం వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. సంతకం సంగతి విని, చాపిన కాళ్ళు ముడుచుకుంది.

"గదేందే! ఒక్క సంతకంకు గింత లొల్లా? పెడితె నీ చెయ్యి అరుగుతదా?"

"అబద్ధమే అమ్మా అది."

"అబద్ధం. షూటింగుల అన్నం తినేటోళ్లు పొద్దు మాపు అబద్ధమే జేస్తరు. ఏడ్వకున్నా ఏడుస్తరు. ఎవలన్న సచ్చిన్రా?"

"ఇది చూసి ఇంటికి పోయే బొమ్మ కాదే. పీల్చే గాలి."

"నీకు ఎరుకే గదా, మీ నాయినకు గా కొలువు ఎవలు ఇప్పిచ్చిన్రో?"

ఎరుకే. నాయిన ఈ జూబిలీ హిల్స్ బండలు కొట్టి కొట్టి, చేతులు పట్టు తప్పాక ఏ పనీ దొరక్క ఇంట్లో కూర్చుంటే, సార్ ఒక నిర్మాతకి చెప్పి ఆయన ఇంటి గేటు దగ్గర వాచ్‌మెన్‌గా పెట్టించారు. ఆ ఇల్లున్న గుట్టని నాయినే చదును చేశాడు. ఇప్పుడు దానికి కాపలా.

అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నాకు అన్నం మాత్రం గట్టిగా చప్పుడు చేస్తూ వడ్డించింది.

22 ఫిబ్రవరి, సోమవారం

సార్ ఇవాళ తేనె.

"సీనియర్ అనలిస్ట్ అని గాజు తలుపు మీద నీ పేరు రాయిస్తాను. నా పేరు కింద కాదు, పక్కన. టైటిల్స్‌లో ఇద్దరి పేర్లూ ఒకే సైజులో వేసినట్టు అన్నమాట. జీతం కూడా చూద్దాం."

"అయిదు కొలతలూ రాయనిస్తారా?"

"మళ్ళీ అదే పాట!"

"అదే పాటండీ."

తేనె అయిపోయింది. ఎమ్మెస్సీలు వీధికొకళ్ళు దొరుకుతారన్నారు. దొరుకుతారు. కానీ కాలుష్య బోర్డు దగ్గర ఈ ల్యాబు రిజిస్ట్రేషన్‌లో ఉన్నది నా డిగ్రీ, నా పేరు. మార్చాలంటే దరఖాస్తు, పరిశీలన, వాళ్ళెవరో వచ్చి చూడటం. ప్లాంటుకి మార్చి నెలాఖరులోగా రిపోర్టు కావాలి. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట పైకి అనలేదు.

లేచి తలుపు దాకా వచ్చాక వెనకనుంచి — "మీ నాన్నగారు బాగున్నారా అమ్మాయ్? గేటు దగ్గర సౌకర్యంగానే ఉందా?"

తలుపు దగ్గరే వెనక్కి తిరిగాను.

"బాగున్నారండీ," అన్నాను.

23 ఫిబ్రవరి

మా వంశంలో సంతకం చేయడం వచ్చిన మొదటిదాన్ని నేను. దాన్ని నాకిష్టం వచ్చిన చోటే పెడతాను. ఇష్టం లేని చోట పెట్టను. ఇంతోటి దానికి ఎందుకింత మంది...

25 ఫిబ్రవరి

బెదిరింపు కాదేమో, ఊరికే అడిగారేమో అనుకుంటూ ఉన్నాను. కాదు.

నాయినని ఒకటో తారీఖు నుంచి రావద్దన్నారట. కారణం చెప్పలేదట. గొడుగు, దుప్పటి, ట్రాన్సిస్టరు చంకలో పెట్టుకుని మధ్యాహ్నమే వచ్చేశాడు. ఇంకా రోజులున్నాయి కదా అంటే, "పొమ్మన్నంక గాడేం పని" అన్నాడు.

నేను జరిగింది చెప్పాను. మొత్తం. నా వల్లే అని.

నాయిన వింటూ ట్రాన్సిస్టరు బ్యాటరీలు తీసి ఎండలో పెట్టాడు. "చిమ్నీ ఎంత ఎత్తున్నది బిడ్డా?"

"చాలా ఎత్తు నాయినా."

"నువ్వు ఎక్కినవా?"

"ఎక్కిన."

"కండ్లు తిరగలే?"

"తిరిగినయ్."

ఇక దాని గురించే. సంతకం గురించి ఒక్క మాట లేదు. సాయంత్రం సందు చివర కల్లు దుకాణం దగ్గర ఎవరితోనో అంటుండగా విన్నాను — "మా పిల్ల చిమ్నీ ఎక్కింది. ఇంజనీర్లు కింద నిలవడి చూసిన్రంట, నోర్లు తెరిచి." ఎవరూ నోరు తెరవలేదు. నేను దిద్దలేదు.

నన్ను చూసి, "నా ఫికర్ జెయ్యకు," అన్నాడు. "గేటు కాడ కూసునుడు ఏడనైనా కూసునుడే. ఒక్క గేటేనా ఈ పట్నంల?"

అమ్మ లోపల గిన్నె కింద పడేసింది. చేతిలోంచి జారలేదు. పడేసింది.

1 మార్చి, సోమవారం

ఇవాళ నాకు జవాబు దొరకని మాట ఒకటి.

అమ్మ జొన్నలు పట్టించడానికి గిర్నీకి వెళ్లి, పట్టించకుండానే తిరిగొచ్చింది. కరెంటు లేదు. సంచీ నా ముందు దబ్బున పెట్టింది. ఇన్నాళ్ళకి మాట్లాడింది.

"లైన్ల నిలవడి నిలవడి వచ్చిన. ఉన్న కరెంటే గిట్లుంటె, నీ మాట విని గా ప్లాంటు బందు వెడితె ఏం తిందం? జొన్నలు నమిలి తిందమా?"

బంద్ చెయ్యమని నేను ఎక్కడా అనలేదు అన్నాను. "మరి ఏం జెయ్యమంటున్నవ్?" అంది.

ఏం చెయ్యమంటున్నాను?

ఉన్నది ఉన్నట్టు రాయమంటున్నాను. రాస్తే ఏమవుతుంది? యూనిట్ ఆపమంటారేమో. ఆపితే గిర్నీ ఆగుతుంది. రాయకపోతే పెట్టె అలాగే ఉంటుంది, వడియాల మీద రెండు చీరలూ అలాగే. రెండింటికీ మధ్య ఏదో ఉండాలి. ఉండి తీరాలి.

జొన్నలు నానబెట్టింది, గుగ్గిళ్ళు చేస్తుందట. కోపంగానే నానబెట్టింది.

2 మార్చి

మధురానగర్ స్టాపులో బస్సు కోసం నిలబడి ఉండగా తట్టింది. వానాకాలం! ప్రాజెక్టులు నిండితే నీళ్ళ కరెంటు వస్తుంది. మోటార్లూ ఆగుతాయి. అప్పుడు యూనిట్ ఆపి పెట్టెకి గదులు కలపొచ్చు. అప్పటిదాకా ఉన్న పలకలు, సుత్తులు బాగుచేసుకోవచ్చు, బొగ్గులో రాళ్ళు ఏరించొచ్చు. బోర్డుని గడువు అడగొచ్చు. గడువు అడగాలంటే ముందు హద్దు దాటామని ఒప్పుకోవాలి. అంతా తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది.

ఇంజనీర్లకి ఇది తెలియదా? తెలిసే ఉంటుంది. నాకు తట్టింది ఇప్పుడు, అంతే.

బస్సు వెళ్లిపోయింది. నడిచాను.

3 మార్చి

ఫోను. సార్ బంజారా హిల్స్ బ్యాంకుకి వెళ్లిన టైములో. రాఘవయ్య గారు.

"నాలుగూ రాస్తావా అమ్మా?"

"అయిదూ రాస్తానండీ."

"అయిదో రోజు సగమే నడిచిందని కూడా?"

"అదీ. బొగ్గు మారిందని కూడా."

అవతల ఏదో యంత్రం చప్పుడు. 

"వానాకాలంలో ఆపితే..." అని నేను మొదలుపెట్టాను.

"అది మేమూ అనుకున్నాం. ఊరికే అనుకోవడం వేరు. హెడ్డాఫీసు బల్ల మీద బయటివాళ్ళ కొలత ఉండి అనడం వేరు."

"అయితే అన్నీ రాయమని మీరు అడిగారని మా సార్‌కి చెప్పనా?"

"నేను ఫోనే చెయ్యలేదు," అని పెట్టేశాడు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. ఆయనకి నా రిపోర్టు కావాలి. నా పక్కన నిలబడటం మాత్రం వద్దు. శేఖర్‌తో అంటే, "నువ్వు ఎక్కు, మేం కింద నిలవడి చప్పట్లు కొడ్తమంటున్నరు," అన్నాడు.

"నువ్వో?"

"నేను పంపు మోస్త గదా!" అన్నాడు. మళ్ళీ తనే, "నేను గూడ గాడ ఉన్ననని రాస్కో. ఐదు రోజులు. నా పేరు గూడ పెట్టు."

దీనికి కళ్ళు చెమర్చడం ఏమిటో. తుమ్ము వచ్చినట్టు నటించాను.

5 మార్చి, శుక్రవారం

సార్ పిలిచారు. తేనె లేదు, కారం లేదు. కుర్చీలో కొంచెం కిందికి జారి కూర్చున్నారు.

"సినిమాల్లో ఇరవై ఏళ్ళు చేశాను. వంద మందికి అన్నం పెట్టించి వెయ్యి మందికని రాశాను. వాన లేనిరోజు వానకి డబ్బు తీసుకున్నాను. విసుగొచ్చి ఇది పెట్టాను తెలుసా? త్రాసు, గాజు సీసాలు, తెల్ల కోట్లు. ఇక్కడైనా ఉన్నదున్నట్టు చెప్పే పని అనుకున్నా." నవ్వారు. "ఆ ప్లాంటు పోతే నాకు ఇంకెవరున్నారు చెప్పు? రెండు సిమెంటు ఫ్యాక్టరీలు, ఒక సారా కంపెనీ. అద్దెకే చాలదు. నీ జీతం, శేఖర్ జీతం ఎక్కడినుంచి తేను?"

నాకు జాలేసింది. దాచుకోను, వేసింది. ఆయన నాకు ఉద్యోగమిచ్చిన రోజు నా సర్టిఫికెట్లు చూసి, "మీ ఇంట్లో నువ్వే మొదటా?" అని అడిగి, లేచి నిలబడి కుర్చీ చూపించిన మనిషి.

"మా నాయిన ఉద్యోగం మీరే తీయించారా?" అడిగాను.

ఆయన కిటికీలోంచి చూస్తూ ఉన్నారు. తోటలో ఎవరో కాగితం పూలు చెట్టుకి కడుతున్నారు.

"ఇప్పించింది మీరు. మీరు ఇప్పించకపోతే నేను ఈ మాట అడిగేదాన్ని కాదు."

"వెళ్లమ్మాయ్."

జాలి ఉంది. సంతకం లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని ఇవాళే తెలిసింది.

6 మార్చి

శేఖరూ నేనూ భోజనాల టైములో మొత్తం రిపోర్టు టైపు చేశాం. అతను చదవడం, నేను కొట్టడం. అయిదు రోజులు, అయిదు కొలతలు, ఏ రోజు యూనిట్ ఎంత నడిచింది, బొగ్గు ఏ రకం. ఎక్కడా ఒక్క విశేషణం లేదు. "భయంకరంగా" అని ఒకచోట పెట్టబోతే శేఖర్, "లెక్కనే భయపెడ్తది, నువ్వెందుకు?" అన్నాడు. తీసేశాను.

చివర ఒక పేరా. వానాకాలంలో పని చేసుకోవచ్చునని, అందాకా గడువు అడగవచ్చునని. అది అనలిస్టు రాయాల్సింది కాదు. అయినా రాశాను.

7 మార్చి, ఆదివారం

నాయిన కృష్ణానగర్ వైపు ఒక అపార్టుమెంటులో పని మాట్లాడొచ్చాడట. ఖాయం కాలేదు. "గాడ గేటే లేదు బిడ్డా, ఇంక వెడ్తరంట. గేటు రాంగనే నేను గూడ వస్త అన్న."

అమ్మ నవ్వాపుకుంది. ఆపుకోవడం నేను చూశాను. నేను చూశానని చూసి, మొహం అటు తిప్పింది. రేపు నేను మొత్తం రిపోర్టు ఇవ్వబోతున్నానని ఆమెకి తెలుసు. "దాని మీద సంతకం పెట్టకు" అనలేదు. "సార్ కాగితం మీద పెట్టు" అని కూడా ఇవాళ అనలేదు.

8 మార్చి, సోమవారం

సంతకం పెట్టాను. నా రిపోర్టు మీద. ప్రతి పేజీ కిందా. శేఖర్ తన పేరు దగ్గర పొట్టి సంతకం పెట్టి, "ఇగ ఇద్దరం గలిసి బాజాప్త రోడ్డు మీద," అన్నాడు.

సార్ బల్ల మీద పెట్టి, పైన ఉత్తరం పెట్టాను. ఆయన ఉత్తరం చివరి దాకా చదివి, మళ్ళీ మొదటికి వెళ్లారు. ఫోను మోగింది, తీయలేదు. మోగి మోగి ఆగింది.

"ఇదేంటమ్మాయ్, నాకే గడువు పెడుతున్నావా?"

"అవునండీ."

"నేను దీన్ని పంపకపోతే?"

"అది కూడా ఉత్తరంలో రాశానండీ."

ఆయన కాగితాలు సొరుగులో పెట్టారు. చింపలేదు. తాళం వేశారు. తాళం ఎందుకు వేశారో తెలియదు, దాచడానికో, పంపేదాకా భద్రంగా ఉండటానికో. నేను బయటికొచ్చి త్రాసు మీద గుడ్డ తీసి సిమెంటు తొడుగులు తూయడం మొదలుపెట్టాను. చేతులు బాగానే ఉన్నాయి. ముల్లు నిలిచింది.

ఉత్తరం ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. రేపు ఎవరైనా నువ్వు అలా అనలేదు అంటే నేను తడబడకూడదు.

"గౌరవనీయులైన సత్యమూర్తి గారికి,

పవర్ ప్లాంటు చిమ్నీ దగ్గర మేము తీసిన అయిదు కొలతలూ, ఆ రోజుల్లో యూనిట్ నడిచిన తీరూ, వాడిన బొగ్గు వివరాలూ ఉన్న రిపోర్టు మీద ఇవాళ సంతకం చేసి మీకు ఇస్తున్నాను. కొలిచినవాటిలో కొన్ని తీసేసిన ఏ రిపోర్టు మీదా నా సంతకం ఉండదు.

దీన్ని మీరు ప్లాంటుకీ, బోర్డుకీ పంపితే ఈ ల్యాబులో ఇదే జీతానికి, ఇదే హోదాలో పనిచేయడానికి నాకు అభ్యంతరం లేదు. పంపకపోతే రిజిస్ట్రేషన్‌లోంచి నా పేరు తొలగించమని, ఎందుకు తొలగించమంటున్నానో కూడా వివరిస్తూ బోర్డుకి నేనే రాసుకుంటాను. ఇది బెదిరింపు కాదు. ఏం చేస్తానో ముందుగా మీకు చెప్పడం మర్యాద అనుకుని చెబుతున్నాను.

పంపుతారో పంపరో నోటిమాటగా కాక కాగితం మీద తెలియజేయండి. మీ జవాబు మార్చి 15, సోమవారం సాయంత్రం ఆఫీసు మూసేలోగా నా చేతికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."